ఇనప గోలీ, మ్యూటూ

బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో అక్కావాళ్లకు వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెప్పండి, ఒకటి ఆపిద్దాం. పిల్లలు ముందుకొచ్చి కింద కూర్చోండి నాయనా. ఈరోజు మాట్లాడేది మీ సంగతే.

పోయిన ఏడాది ఎండాకాలం సెలవుల్లో మా అపార్టుమెంటు సెల్లారులో పిల్లలకు పోకెమాన్ గో పోటీ పెట్టాను. ఫోనులో జీవాలను పట్టుకుని, వాటితో ఒకరితో ఒకరు పోటీపడే ఆట అది. కుర్చీలు వేశాం, మజ్జిగ పెట్టాం, గోడకు కాగితం అంటించి ఎవరితో ఎవరో రాశాం. అందులో ఒక పిల్లాడు, పదకొండేళ్లుంటాయి, మ్యూటూ అనే మహా బలమైన జీవాన్ని తెచ్చాడు. వాళ్ల నాన్నతో కలిసి కబ్బన్ పార్కులో రెయిడ్‌కి వెళ్లి, తెలియనివాళ్లతో కలిసి కొట్టి పట్టుకున్నాడట. ఆ రోజంతా దాన్ని అందరికీ చూపించాడు. వరసగా మూడు ఆటలు గెలిచాడు.

అప్పుడు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చారు. "ఆ ఒక్కటుంటే మిగతా పిల్లలు ఆడి ఏం లాభం?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. సెమీఫైనల్ మొదలయ్యే ముందు "మ్యూటూ వద్దు" అని చెప్పేశాను.

ఆ పిల్లాడు నన్ను ఒకటే అడిగాడు. "అంకుల్, నాకు దాన్ని ఆటే ఇచ్చింది కదా. నేనేం దొంగతనం చెయ్యలేదు కదా. మరెందుకొద్దు?"

నేనేమన్నానో తెలుసా? "రూల్ అంతే" అన్నాను. ఏ రూలు? రెండు నిమిషాల ముందు నేను పుట్టించిన రూలు. వాడు ఓడిపోయాడు. ఫోను జేబులో పెట్టుకుని లిఫ్టు ఎక్కేశాడు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పిల్లాడు అడిగిందానికి జవాబు నాకు అప్పుడు తెలియదు. ఏడాదిగా వెతుక్కున్నాను. ఈరోజు మీ ముందు ఆ జవాబే చెప్పుకోబోతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. బ్యాన్ ఉండాలి. కానీ బలంగా ఉందని బ్యాన్ చెయ్యకూడదు. ఎదుటివాడికి ఎంచుకోవడానికి ఏమీ మిగలకుండా చేసేదాన్నే చెయ్యాలి. అదైనా ఆట మధ్యలో కాదు, ఒక పెద్దమనిషి నోటిమాటగా అసలే కాదు.

మా ఊరు ప్రొద్దుటూరు. ఇక్కడ కడప జిల్లావాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. అయితే గోలీలాట గురించి మీకు చెప్పక్కర్లేదు. మా వీధిలో ఒకడు వాళ్ల మామ లారీ షెడ్డులోంచి బేరింగు తెచ్చుకున్నాడు. ఇనప గోలీ. దానితో కొడితే మా గాజు గోలీలు పెచ్చులూడిపోయేవి, కొన్ని రెండు చెక్కలయ్యేవి. మొదటి రోజు అందరం నోరు తెరుచుకుని చూశాం. రెండో రోజు వాడి జేబు నిండింది. మూడో రోజు? మూడో రోజు గీతలో గోలీ పెట్టినవాడే లేడు. వాడొక్కడే ఇనప గోలీ పట్టుకుని నిలబడ్డాడు, చుట్టూ ఆట లేదు.

అప్పుడు అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం, వాడితో సహా. గీత ఆటలో ఇనప గోలీ ఒప్పుకోం. ఎవరు ఎక్కువ దూరం దొర్లిస్తారో ఆ ఆటలో ఒప్పుకుంటాం. మర్నాటినుంచి వాడు గాజు గోలీతోనే ఆడాడు. విచిత్రమేమిటంటే, అప్పుడూ వాడే ఎక్కువ గెలిచాడు! వాడికి గురి ఉంది. ఆ గురిని ఇనప గోలీ కమ్మేసింది, మాకే కాదు, వాడికి కూడా కనపడకుండా.

ఈ కథను పక్కన పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు పోకెమాన్ తెలియని పెద్దవాళ్ల కోసం రెండు ముక్కలు. పోకెమాన్ గో కన్నా చాలా ముందే, 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో అసలు పోకెమాన్ ఆటలు మొదలయ్యాయి. మొదట్లో 151 జీవాలు, ఇప్పుడు వెయ్యి దాటాయి. ఆ అసలు ఆటల్లో ప్రతి జీవానికీ ఆరు అంకెలుంటాయి: ప్రాణం, దాడి, కాపు, ప్రత్యేక దాడి, ప్రత్యేక కాపు, వేగం. ఈ ఆరూ కలిపితే ఆ జీవం బలమెంతో మోటుగా తెలుస్తుంది. పికాచు 320. మ్యూటూ 680. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. మరి 680 ఉన్నదాన్ని తీసేస్తే సరిపోతుంది కదా, ఇంత ప్రసంగం ఎందుకంటారా?

అక్కడే ఉంది అసలు సంగతి. స్లేకింగ్ అని ఒక జీవం ఉంది, పెద్ద కోతిలా ఉంటుంది. దాని మొత్తం ఎంత? 670. మ్యూటూకి పది తక్కువ, అంతే. మామూలు పోటీల్లో దాన్ని ఎవరైనా బ్యాన్ చేశారా? లేదు. ఎందుకంటే దానికి పుట్టుకతో బద్ధకం. ఒకసారి కొడుతుంది, తర్వాతి వంతు ఊరికే కూర్చుంటుంది. అది కూర్చున్నప్పుడు ఎదుటివాడు కాచుకోవచ్చు, బలం పెంచుకోవచ్చు, జీవాన్ని మార్చుకోవచ్చు. బలం కొండంత ఉన్నా ఎదుటివాడికి ఊపిరాడుతోంది.

ఇప్పుడు రెండు చిన్న జీవాల గురించి చెబుతాను. దయచేసి ఈ ముక్క జాగ్రత్తగా వినండి. ఒకటి పచిరీసు, ఉడుత లాంటిది. దాని మొత్తం 405. రెండోది వాబఫెట్, నీలంగా గుండ్రంగా ఉంటుంది. దాని మొత్తం కూడా 405. ఒక్క అంకె తేడా లేదు.

పచిరీసు ఏమైంది? 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో కొరియా ఆటగాడు సే జున్ పార్క్ దాన్ని జట్టులో పెట్టుకుని విజేత అయ్యాడు. అవి ఒక్కో ఆటగాడు రెండేసి జీవాలను ఒకేసారి దించి ఆడే జతల ఆటలు. పచిరీసు "నన్ను కొట్టు" అని ముందుకొచ్చి దెబ్బలన్నీ తన మీద వేసుకునేది. పక్కనున్న తోటి జీవం గ్యారడోస్‌కి కరెంటు దెబ్బంటే ప్రాణగండం. ఆ కరెంటును పచిరీసు తాగేసి ప్రాణం పెంచుకునేది. చిన్న ఉడుత! సేతువు దగ్గర ఉడుత గుర్తొస్తుంది నాకు. అక్కడ బలం కాదు గెలిచింది. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన బుద్ధి గెలిచింది.

మరి అదే 405 ఉన్న వాబఫెట్? దాన్ని స్మోగాన్‌వాళ్లు ఒకప్పుడు మామూలు పోటీలోంచి తీసేశారు. స్మోగాన్ అంటే 2004 నుంచి ఆటగాళ్లే నడుపుకుంటున్న సంఘం, కంపెనీ కాదు. వాబఫెట్‌కి సొంతంగా కొట్టడమే రాదు. ఎదుటివాడు కొడితే ఆ దెబ్బను రెట్టింపు చేసి తిప్పికొట్టడమే వచ్చు. అలాంటి అమాయకప్రాణిని ఎందుకు తీసేశారు?

ఎందుకంటే దాని ముందు నిలబడినవాడు వెనక్కి వెళ్లలేడు. షాడో ట్యాగ్ అంటారు. ఈ ఆటకు ప్రాణం మార్పిడిలో ఉంది. నీళ్ల జీవం ఎదురైతే నిప్పు జీవాన్ని వెనక్కి పిలిచి గడ్డి జీవాన్ని పంపుతాం. ఆ పిలవడమే ఆలోచన. వాబఫెట్ ఆ తలుపుకు గడియ పెట్టేస్తుంది. పైగా ఎంకోర్ అని ఇంకో విద్య ఉంది, నువ్వు ఇప్పుడేం చేశావో అదే మళ్లీ మళ్లీ చేసేలా కట్టేస్తుంది. ఇక నువ్వు చెయ్యడానికేముంది? బటను నొక్కడమే.

ఇంకోటి వినండి. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లో రెండు వాబఫెట్లు ఎదురెదురుగా పడి, రెండిటి దగ్గరా లెఫ్టోవర్స్ ఉంటే, అంటే ప్రతి వంతుకీ కాస్త ప్రాణం తిరిగిచ్చే తిండి ఉంటే, ఆ ఆట ఎప్పటికీ ముగిసేది కాదు. ఇద్దరూ వెళ్లలేరు, ఇద్దరూ చావరు. ఆట తయారుచేసినవాళ్లే తర్వాతి తరంలో, అంటే ఆ తర్వాత తెచ్చిన కొత్త ఆటల్లో, దాన్ని సరిదిద్దారు. షాడో ట్యాగ్ ఉన్నదాన్ని షాడో ట్యాగ్ పట్టుకోలేదని మార్చారు. అంటే తప్పు జరిగిందని వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా?

అందుకే అంటున్నాను, 405 గెలిచింది, 405 బయటికి పోయింది, 670 హాయిగా లోపలే ఉంది. అంకెలు చూసి తీర్పు చెప్పేవాడు ఈ ఆట ఆడనివాడు. ఎదుటివాడి చేతిలో ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టు. అవి ఒకటికో సున్నాకో దిగిపోతే అప్పుడు చెయ్యి ఎత్తు.

మ్యూటూ సంగతి కూడా అంతే. మొదటి తరం ఆటలో దానికి 680 లేదు, ఆ రోజుల లెక్క వేరు. కానీ ప్రత్యేక దాడి, ప్రత్యేక కాపు అప్పుడు ఒకటే అంకె. ఆమ్నీషియా ఒక్కసారి వాడితే రెండూ ఒకేసారి రెట్టింపయ్యేవి. వేగంలోనూ దాన్ని దాటేవాళ్లు దాదాపు లేరు. అలాంటప్పుడు జట్టు కట్టే ప్రతివాడూ చేసేది ఒకటే: మ్యూటూని పెట్టుకోవడం, లేకపోతే మ్యూటూని ఆపడానికే జట్టంతా కట్టుకోవడం. మిగతా నూటయాభై జీవాలు డబ్బాలోనే. మా వీధిలో మూడో రోజు అదే కదా జరిగింది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, చాలా న్యాయమైన అభ్యంతరం. ఇందాక టీ తాగేటప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పైనున్నదాన్ని తీసేస్తే రెండోది పైకొస్తుంది. దాన్నీ తీసేస్తే మూడోది. ఎక్కడ ఆపుతారు?" నిజమే. ఎప్పుడూ ఏదో ఒకటి పైన ఉంటుంది. ఉండనివ్వండి. పైన ఉండటం నేరం కాదు. క్లాసులో ఫస్టు వచ్చినవాడిని బడి మానిపించం కదా. పైనున్నదానికి జవాబు చెప్పగలిగేవి కింద ఎన్ని ఉన్నాయన్నదే చూడాలి.

పైగా ఒకసారి తీసేశామంటే అది శాశ్వతం కావాలనేం లేదు. గార్చాంప్ అని డ్రాగన్ ఉంది. డైమండ్, పర్ల్ ఆటల కాలంలో దాన్ని స్మోగాన్‌వాళ్లు నిషేధించారు. 2013లో ఎక్స్, వై ఆటలతో ఫెయిరీ రకం వచ్చింది, డ్రాగన్ దెబ్బ దానికి తగలదు. ఆ తరంలో గార్చాంప్ మామూలు పోటీలోనే అందరితో కలిసి ఆడింది. కాలం మారింది, తీర్పూ మారింది. మారాలి కూడా.

తీర్పు చెప్పేటప్పుడు దేన్ని తీస్తున్నామో కూడా సరిగా చూసుకోవాలి. స్కార్లెట్, వయొలెట్ ఆటలు వచ్చినప్పుడు హౌండ్‌స్టోన్ అనే కుక్కను తీసేశారు. దాని దగ్గర ఒక విద్య ఉంది. తన జట్టులో ఎంతమంది పడిపోతే అంత గట్టిగా కొడుతుంది. మామూలుగా 50 బలం, ఒక్కొక్కరు పడిపోయేకొద్దీ ఇంకో 50. అయిదుగురూ పోతే 300. అంటే ఓడిపోతున్నకొద్దీ గెలుస్తావు! తర్వాత అదే విద్య ఇంకో జీవానికీ దొరికింది. అప్పుడు అర్థమైంది, తప్పు కుక్కది కాదు, విద్యది. విద్యను ఆపి కుక్కను వదిలేశారు. ఈ తిరిగి చూసుకోవడం నాకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే ఆ కుక్కను ప్రేమించే పిల్లలుంటారు. బ్లేజికెన్ విషయం చూడండి. ఆట మొదట్లో మనం చేతిలోకి తీసుకునే మొదటి కోడిపిల్ల పెరిగితే బ్లేజికెన్ అవుతుంది. అయిదో తరంలో దానికి ప్రతి వంతుకూ వేగం పెరిగే గుణం వచ్చింది, దానితో నిషేధంలో పడింది. మొదటి రోజునుంచి నీతో నడిచినదాన్ని "వద్దు" అంటే ఎలా ఉంటుంది? ఆ నొప్పిని లెక్కలోకి తీసుకోనివాడు బ్యాన్ గురించి మాట్లాడకూడదు.

అందుకే నేను గెంటేయడం కన్నా వేరే గది ఇవ్వడాన్ని ఇష్టపడతాను. స్మోగాన్‌లో ఊబర్స్ అని ఉంది. మొదట అది తీసేసినవాటి జాబితా మాత్రమే. నెమ్మదిగా అదే ఒక ఆట అయింది. మ్యూటూకి మ్యూటూయే ఎదురు, అక్కడ దానికి కొమ్ములేం ఉండవు. 2014 నవంబరులో వచ్చిన ఆటలతో మెగా రేక్వాజా దిగింది, మొత్తం 780. మెగా అంటే పోరు మధ్యలో జీవం ఎత్తే ఇంకా బలమైన రూపం. మిగతా మెగాలన్నీ చేతిలో రాయి పట్టుకోవాలి, దీనికి అది కూడా అక్కర్లేదు. అది ఊబర్స్‌కే ఎక్కువైంది. అప్పుడు "ఏదైనా సరే" అని ఇంకో గది తెరిచారు. చూశారా, దాన్నీ వీధిలో పడెయ్యలేదు.

కంపెనీవాళ్ల అధికారిక పోటీలది ఇంకో దారి. కొన్ని సీజన్లలో అలాంటి మహాబలులను అసలు రానివ్వరు, కొన్నిట్లో జట్టుకు ఒకటి, కొన్నిట్లో రెండు. 2016లో రెండు. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో వుల్ఫ్ గ్లిక్ గెలిచాడు. క్యోగర్, రేక్వాజా పక్కన బ్రాంజాంగ్, హిట్‌మాన్‌టాప్ లాంటి మామూలువాళ్లను పెట్టుకుని గెలిచాడు. నా మాటకు ఇది కొంచెం అడ్డొస్తుంది, ఒప్పుకుంటున్నాను. మహాబలులున్నా ఆలోచన బతకగలదు. కానీ గమనించండి, అక్కడ ఆరింటిలో రెండే. పరిమితి ఉంది. జతల ఆట కాబట్టి ఒకరిని ఆపడానికి ఇద్దరు ఉంటారు. డైనమాక్స్‌దీ అదే కథ. 2019 నవంబరులో వచ్చింది, జీవం మూడు వంతులపాటు పర్వతంలా పెరిగిపోతుంది. ఒక్కో జీవాన్నే దించి ఆడే స్మోగాన్ పోటీలో డిసెంబరుకల్లా తీసేశారు. జతల అధికారిక పోటీల్లో మాత్రం అప్పట్లో ఆటంతా దాని చుట్టూనే తిరిగేది. ఒకే వస్తువు, రెండు బరులు, రెండు తీర్పులు.

బరి అన్నాను కదా, ఇందాక ఒక పెద్దాయన అన్నారు, ఇదంతా కోడిపందెమే కదా అని. తాతా, ప్రాణమున్న కోడికి కత్తి కట్టడం చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఇక్కడ రక్తం లేదు. కానీ అక్కడ కూడా బరిలోకి దించేముందు రెండు కోళ్లనూ చేత్తో ఎత్తి బరువు చూస్తారు, సరిజోడు కాకపోతే వదలరు. ఆ చూపు ఒక్కటే నాకు కావాలి.

పోకెమాన్ గో లో ఆ బరువు చూడటం ఆటే చేస్తుంది. అందులో ప్రతి జీవానికీ సీపీ అని ఒకే బలం అంకె ఉంటుంది. గ్రేట్ లీగ్ అంటే అది 1500 దాటినవి రాకూడదు. అల్ట్రా లీగ్ అయితే 2500. మాస్టర్ లీగ్‌లో అడ్డులేదు. మ్యూటూ పేరు ఎత్తలేదు, దాన్ని బ్యాన్ చెయ్యలేదు. రెయిడ్‌లో దొరికే మ్యూటూ 1500 ఎప్పుడో దాటేసి ఉంటుంది, దానంతటదే బయట నిలబడుతుంది. ఇంకా అందమేమిటంటే, ఆ 1500 లెక్కలో దాడికి బరువు ఎక్కువ. కాబట్టి దాడి తక్కువుండి ఓర్పు ఎక్కువున్నవి ఆ గీత కింద బాగా ఇముడుతాయి. అజుమారిల్ చూడండి, నీలం కుందేలు. మాస్టర్ లీగ్‌లో ఎవరూ భయపడనిది, గ్రేట్ లీగ్‌లో దొర. ఒక గీత గీస్తే కొత్త దొరలు పుట్టారు. పిల్లలు వీధిలో పట్టుకున్నవాటితోనే గెలవగలుగుతున్నారు, కబ్బన్ పార్కుదాకా పోవాల్సిన పనిలేదు.

చివరిగా, ఎవరు తీర్పు చెప్పాలి? నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. నిన్న ఓడిపోయినవాడు చెప్పకూడదు, వాడి మనసు మండుతుంటుంది. పోటీ పెట్టినవాడు చెప్పకూడదు, అది నేను చేసి చూశాను. స్మోగాన్‌లో ఒక పద్ధతి ఉంది. ఫలానా జీవం మీద అనుమానమొస్తే దాన్ని పరీక్షకు పెడతారు. ఆ రోజుల్లో ఆడి, ఒక స్థాయి అందుకున్నవాళ్లకే ఓటు. సగం చాలదు, సాధారణంగా నూటికి అరవై మంది తియ్యాలంటేనే తీస్తారు. ఎందుకు తీశారో రాసిపెడతారు. ఎక్కువమంది వాడుతున్నారని మాత్రం తియ్యరు. వాడకం లెక్క వేరే పనికి, ఏ జీవం ఏ అంతస్తులో ఉండాలో తేల్చడానికి. దానికి చాలాకాలం 3.41 శాతం అని గీత పెట్టారు. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇరవై ఆటలాడితే అది కనీసం ఒకసారైనా ఎదురయ్యే అవకాశం సగానికి సగం ఉండాలంటే వచ్చే అంకె అది. ఇంటికెళ్లి వేసి చూడండి.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఒక మాట. 1979 డిసెంబరులో పెర్త్‌లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగాడు. బ్యాటు చెక్కదే అయివుండాలని అప్పటికి నిబంధనల్లో లేదు. 1980 నిబంధనల్లో రాశారు. రాసిన తర్వాత అందరికీ ఒకటే. నేనేం చేశాను? రాయకుండానే ఒక పిల్లాడి చేతిలోంచి లాక్కున్నాను.

ఆ పిల్లాడి ఇంటికి వెళ్లాను. చాలా రోజులు ఆలస్యమైంది, కానీ వెళ్లాను. వాళ్ల నాన్న ముందే "తప్పు నాది" అని చెప్పాను. వాడు వెంటనే ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "మరి ఇప్పుడు రూల్ ఏంటి అంకుల్?" అన్నాడు. ఇద్దరం కూర్చుని రాశాం. చిన్నపిల్లలకు గ్రేట్ లీగ్. కావాలనుకున్నవాళ్లకు మాస్టర్ లీగ్, పక్క బల్ల మీద, వేరే బహుమతితో. ఏ మార్పయినా వారం ముందు లిఫ్టు పక్కన బోర్డు మీద ఉండాలి. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి.

మాస్టర్ లీగ్ బల్ల మీద మ్యూటూ ఉండాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం నాలుగింటికి ఓటు. ఓటు కావాలంటే ఈ వారంలో పది ఆటలు ఆడి ఉండాలి: అయిదు మ్యూటూతో, అయిదు మ్యూటూకి ఎదురుగా. మ్యూటూ లేని పిల్లలకు ఆ అబ్బాయే తన ఫోను ఇస్తానన్నాడు. నాకు ఓటు లేదు. కుర్చీలు వేసి మజ్జిగ పెడతాను. మీ పిల్లల్ని పంపండి.